బండి బాగోగులు: ఎండలో బయటపడే సాలెగూళ్లు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పెయింటు మీద గీతల గురించే. ఎండలు ముదిరాక ఏటా ఇంతే. చలికాలంలో కనపడని గీతలన్నీ ఏప్రిల్ ఎండకి బానెట్ మీద తేలతాయి. అందుకని ఇంజను, టైర్ల ప్రశ్నలు వచ్చే నెలకి జరిపి పేజీ మొత్తం పెయింటుకే ఇస్తున్నాను. విశాఖ కంచరపాలెంలో టింకరింగ్ షెడ్డులో వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, పట్టుకుని మొదలైన బతుకు నాది. నా చేతికి బాగా తెలిసిన పని ఇదే.

ప్రశ్న: మాది నల్ల రంగు కారు, కొని నాలుగేళ్లయింది. నీడలో అద్దంలా ఉంటుంది. ఎండలో పెడితే బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు గుండ్రంగా సన్న గీతలు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రోజూ పొద్దున్నే శ్రద్ధగా తుడుస్తాడు, అయినా ఇలా ఉంది. బయట అడిగితే మెషిన్ పాలిష్, సిరామిక్ కోటింగ్ కలిపి పెద్ద మొత్తమే చెప్పారు. ఇంట్లో నేనే చేసుకోగలనా?
ఒక బ్యాంకు ఉద్యోగి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: చేసుకోగలరండి. ఒక ఆదివారం బానెట్, మరో ఆదివారం తలుపులు అన్నట్టు నిదానంగా చేస్తే చక్కగా వస్తుంది. కానీ పాలిష్ సీసా కొనే ముందు ఆ గీతలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియాలి. లేకపోతే తీసిన నెలకే మళ్లీ పడతాయి.

రోజూ తుడుస్తున్నా ఇలా ఉందని రాశారు. రోజూ తుడవడం వల్లే ఇలా ఉంది. మీ కాలనీకి సముద్రం కూతవేటు దూరం. రాత్రంతా ఉప్పుగాలి, సన్న ఇసుక, రోడ్డు దుమ్ము బండి మీద పొరలా దిగుతాయి. తెల్లారి ఆ పొర మీద గుడ్డ పెట్టి లాగితే ఇసుక రేణువులే పెయింటుని గీరుకుంటూ పోతాయి. అదే బకెట్టు, అదే గుడ్డ వరసగా అయిదారు బళ్లకి వాడితే మొదటి బండి దుమ్ము ఆఖరి బండి మీద అరుగుతుంది. వాచ్‌మన్‌ని తప్పు పట్టకండి, మనం చెప్పిన పనే ఆయన చేస్తున్నాడు. వారానికోసారి నీళ్లు దండిగా పోసి కడిగితే చాలు, మధ్యలో గుడ్డ తాకించొద్దని చెప్పండి. ఇచ్చే డబ్బు మాత్రం తగ్గించకండి.

ఆ గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకీ అడ్డదిడ్డంగా ఉంటాయి. వెలుగుకి అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి, మిగతావి కంటికి ఆనవు. అందుకే సూర్యుడి ప్రతిబింబం చుట్టూ చక్రాల్లా అనిపిస్తాయి. మీరు రెండడుగులు పక్కకి జరగండి, చక్రాలూ మీతోపాటే జరుగుతాయి. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే పని అయిందో లేదో తేల్చేది కూడా ఆ ఎండే. ట్యూబ్‌లైటు కింద ఎవరి బండైనా బాగుంటుంది. ఎండ లేని రోజు సెల్‌ఫోన్ టార్చి మూరెడు ఎత్తున పట్టి చూడండి.

కంపెనీ నుంచి వచ్చిన బండికి రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన క్లియర్ ఉంటాయి. క్లియర్ అంటే రంగు లేని పారదర్శకమైన పూత. అన్నీ కలిపినా చాలా బళ్లకి 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ వాటా 35 నుంచి 50. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, మన చేతిలో ఉన్నది అందులో సగం పైచిలుకు. సాలెగూడు గీతలు ఈ క్లియర్‌లో పైపైనే ఉంటాయి. పాలిష్ అంటే గీతని నింపడం కాదు, గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్‌ని అరగదీసి సమం చేయడం. పోయిన క్లియర్ మళ్లీ రాదు. ఎండనీ ఉప్పుగాలినీ ఆపేది అదే కాబట్టి మరీ పలచబడితే కొన్నేళ్లకి టాప్ మీదా బానెట్ మీదా తెల్లగా పొలుసులు లేస్తుంది. అందుకే నేను ఎవరికైనా ఒకటే చెబుతాను: అన్ని గీతలూ పోవాలని పట్టుపట్టకండి. ముప్పాతిక వంతు పోయి, మిగిలినవి వెతికితే తప్ప కనపడకపోతే అక్కడ చేయి ఆపండి.

ముందు గోటి పరీక్ష. గోరుని గీతకి అడ్డంగా మెల్లగా జరపండి. తట్టుకోకుండా జారిపోతే పాలిష్‌కి లొంగుతుంది. టక్కున ఆగితే అది లోతు గీత, దాని జోలికి పాలిష్‌తో పోవద్దు. ఎటూ తేలకపోతే గీత మీద నీటి చుక్క వేయండి. తడిగా ఉన్నంతసేపు గీత మాయమైతే అది క్లియర్‌లోనే ఉందన్నమాట.

తర్వాత కడగడం. ఇక్కడ బద్ధకిస్తే మిగతా పనంతా వృథా. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో కార్ షాంపూ నీళ్లు, రెండోదాంట్లో మంచి నీళ్లు. షాంపూలో ముంచే ముందు ప్రతిసారీ గుడ్డని మంచి నీళ్లలో జాడించాలి. టాప్ నుంచి కిందికి రావాలి, టైర్ల పైన ఉండే మట్టి భాగాలు ఆఖర్న. బట్టల పౌడరు, గిన్నెల సబ్బు వద్దు. కడిగి ఆరాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద అరచేత్తో నిమరండి. కంటికి నున్నగా కనిపించిన చోట కూడా గరగరలాడుతుంది. అది కడిగినా పోని మురికి. దానికి క్లే బార్ అని ముద్దలా ఉండేది దొరుకుతుంది. షాంపూ నీళ్లు బాగా చల్లి, ఆ ముద్దని నొక్కకుండా జార్చుతూ రుద్దండి. మురికి పట్టిన ముఖాన్ని మడిచి కొత్త ముఖం పైకి తెచ్చుకుంటూ ఉండాలి. నేల మీద పడితే ఇక వాడొద్దు. ఒక్క ఇసుక రేణువు అంటుకున్నా బండంతా గీస్తుంది.

ఇప్పుడు పాలిష్. నీడ ఉండాలి, రేకు చేతికి చల్లగా తగలాలి. మన ఊళ్లో ఈ నెలల్లో పొద్దున్న ఎనిమిదింటి లోపు ముగించుకోవడం మంచిది. వేడి రేకు మీద పాలిష్ క్షణంలో ఎండి అట్ట కడుతుంది, దాన్ని తుడవబోతే కొత్త గీతలు. రబ్బరు బీడింగులకీ, నల్ల ప్లాస్టిక్ పట్టీలకీ, బానెట్ అంచులకీ మాస్కింగ్ టేపు వేయండి. అంచుల మీద పెయింటు ఎప్పుడూ పలచగానే ఉంటుంది, ముందు పోయేది అక్కడే.

చేత్తో చేస్తే గీతలు తగ్గుతాయి, పూర్తిగా పోవు. చిన్న చోట్లకి, డోర్ హ్యాండిల్ వెనక గోటి గీతలకి చేయి చాలు. నల్ల బండి మొత్తానికైతే డి.ఏ. పాలిషర్ కావాలి. తిరుగుతూనే అటూఇటూ ఊగే మెషిన్ అది. ఒకేచోట ఇరుసు మీద గిర్రున తిరగదు కాబట్టి కొత్తవాళ్ల చేతిలో కూడా పెయింటు కాలే ప్రమాదం బాగా తక్కువ.

బానెట్ మీద ఒక చోట అడుగున్నర చదరం టేపుతో గీసుకోండి. మొదట మెత్తటి ఫోమ్ ప్యాడ్, అన్నిటికన్నా సన్న పాలిష్. ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు మూడు నాలుగు చాలు. మెషిన్ ఆన్ చేయకముందే ప్యాడ్‌ని బానెట్ మీద అద్ది, తక్కువ స్పీడులో పులమండి. తర్వాత స్పీడు 4 లేదా 5కి పెంచి, సెకనుకి అంగుళం చొప్పున నెమ్మదిగా, ఒక వరస సగం మీద ఇంకో వరస పడేలా నిలువుగా అయిదారుసార్లు, అడ్డంగా అయిదారుసార్లు. మెషిన్ బరువు చాలు, మీరు ఒరిగి నొక్కక్కర్లేదు. పాలిష్ పల్చటి నూనె పొరలా మారగానే ఆపి, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి.

అప్పుడే సంబరపడకండి. పాలిష్‌లో ఉండే నూనె గీతల్లో దూరి వాటిని దాచేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అంతే నీళ్లు కలిపి, ఆ చోట చిలకరించి తుడిచి, అప్పుడు టార్చి వేసి చూడండి. గీతలు చాలినంత తగ్గితే ఈ ప్యాడ్, ఈ పాలిష్ మీ బండికి సరిపోయినట్టే, మొత్తం దాంతోనే కానివ్వండి. తగ్గకపోతే పాలిష్ అదే ఉంచి ప్యాడ్ కాస్త గట్టిది మార్చండి. అప్పటికీ తగ్గకపోతేనే కంపౌండు, అంటే పాలిష్‌కన్నా ముతకగా అరగదీసే మందు. షెడ్డుల్లో సమయం కలిసొస్తుందని నేరుగా ముతక కంపౌండుతో మొదలుపెడతారు. మీకా తొందర లేదు కదా.

ఒక్కో చోటు అయ్యాక ప్యాడ్‌ని మెత్తటి బ్రష్‌తో దులపండి. అరిగిన క్లియర్ పొడి ప్యాడ్‌లో పేరుకుంటే అదే మళ్లీ గీస్తుంది. చివర్లో పెయింటుకి కాపుగా వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ పూయండి. ఇక సిరామిక్ గురించి: అది గీతల్ని తీయదు, ఉన్న గీతల మీదే గట్టిగా కూర్చుంటుంది. కడగడం తేలికవుతుంది, మెరుపు నిలుస్తుంది, అంతవరకు నిజం. పొడిగుడ్డతో తుడిస్తే దాని మీదా సాలెగూళ్లు పడతాయి. ముందు పాలిష్ చేసుకోండి, తుడిచే అలవాటు మార్చుకోండి. సిరామిక్ సంగతి ఆర్నెల్ల తర్వాత ఆలోచించవచ్చు.

ప్రశ్న: టూత్‌పేస్టుతో గీతలు పోతాయంటారు. కొబ్బరినూనె, కిరసనాయిలు కూడా చెబుతున్నారు. నిజమేనా?
ఒక పాఠకుడు, గోపాలపట్నం

జవాబు: టూత్‌పేస్టులో అరగదీసే పొడి ఉంటుంది. అది ఎంత ముతకో ట్యూబు మీద రాసి ఉండదు, పైగా పెయింటు కోసం చేసింది కాదు. ఒక గీత తగ్గి చుట్టూ మసక మిగులుతుంది. నూనె గీతని నింపి రెండు రోజులు దాస్తుంది, ఆలోగా దుమ్మంతా దానికే అతుక్కుంటుంది. కిరసనాయిలు ఉన్న వ్యాక్స్‌ని కడిగేస్తుంది. మూడూ వద్దు.

ప్రశ్న: తెల్ల కారు. గాజువాకలో ఆరుబయటే పెడతాను. డిక్కీ మీద, టాప్ మీద సూదిమొనంత గోధుమరంగు చుక్కలు. కడిగితే పోవు, గోటితో గీకితే గరుకు. రేకు లోపల్నుంచి తుప్పు వస్తోందా? రబ్బింగ్ కంపౌండు కొట్టమంటున్నారు.
ఒక ఉక్కు కార్మికుడు, గాజువాక

జవాబు: కంపౌండు ఇప్పుడే వద్దు అన్నా. ఆ తుప్పు దాదాపుగా మీ బండిది కాదు. గాలిలో తేలివచ్చిన ఇనప రజను క్లియర్ మీద పడి, తేమకి అక్కడే తుప్పు పట్టి కరుచుకుంది. వెల్డింగు, గ్రైండింగు, రైలు పట్టాలు, బ్రేకు డిస్కులు, అన్నిటి నుంచీ ఇలాంటి రజను లేస్తుంది. మన వైపు గాలిలో ఉప్పూ తేమా ఎక్కువ కనుక తొందరగా ఎర్రబడుతుంది. రంగు బళ్ల మీదా ఉంటుంది, తెల్ల బండి మీద కనపడుతుంది, అంతే తేడా.

దీన్ని రుద్ది తీయబోతే ఆ ఇనప ముక్కల్నే పెయింటు మీద ఈడ్చినట్టవుతుంది. ఐరన్ రిమూవర్ అని స్ప్రే సీసాలు దొరుకుతాయి. బండి కడిగాక, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు కొట్టండి. కాసేపటికి ప్రతి చుక్క దగ్గరా ఊదారంగు పుట్టి ధారలుగా కిందికి కారుతుంది. తెల్ల బండి మీద చూస్తే భయమేస్తుంది గానీ, మందు ఇనుముతో కలిసినప్పుడు వచ్చే రంగు అది, పెయింటుకేమీ కాదు. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, చేతులకి గ్లౌజులు వేసుకోండి. సీసా మీద రాసిన నిమిషాలు దాటనివ్వకండి, ఆరనివ్వకండి, నీళ్లు ధారాళంగా పోసి కడిగేయండి. మిగిలిన గరుకుకి పైన చెప్పిన క్లే బార్. ఆ తర్వాత కూడా ఏ చుక్కైనా పెయింటు ఉబ్బి, చిన్న బుడగలా లేచి కనిపిస్తే అది లోపలి తుప్పు, పెయింటరుకి చూపించాల్సిందే.

ప్రశ్న: కొత్త కారు కొని సంపత్ వినాయక గుళ్లో పూజ చేయించాం. బానెట్ మీద పసుపు కుంకాలతో స్వస్తిక్ వేశారు. వెంటనే చెరపడం మంచిది కాదని మూడు రోజులుంచి, పొడిగుడ్డతో తుడిచాను. స్వస్తిక్ ఆకారంలోనే సన్న గీతలు, లేత గులాబి మరక మిగిలాయి. మావారు నావల్లే అంటున్నారు.
ఒక గృహిణి, అక్కయ్యపాలెం

జవాబు: అమ్మా, మీవారికి ఈ పేజీ చూపించండి. మన ఊళ్లో కొత్త బండి తాళాలు చేతికొస్తే ఆసీలుమెట్ట వెళ్లి ఆ స్వామికి చూపించకుండా ఇంటికి తెచ్చేవాళ్లు తక్కువ. ఇలాంటి మరకతో వచ్చే బళ్లూ చాలానే. ఎండిన కుంకుమ సన్న ఇసుకలాగే గీస్తుంది. అందులో సున్నం, రంగులు కలుస్తాయి, మంచుకి తడిసి పెయింటుకి పట్టుకుంటాయి.

షాంపూ నీళ్లలో నానబెట్టిన మైక్రోఫైబర్ గుడ్డని మరక మీద అయిదు నిమిషాలు పరిచి ఉంచండి. తర్వాత రుద్దకుండా నీళ్లు పోయండి. పసుపు మిగిలితే కంగారు పడకండి, పసుపు రంగు ఎండకి నిలవదు, కొన్నాళ్లు ఎండలో ఉంటే దానంతటదే వెలుస్తుంది. గులాబి మరకకీ గీతలకీ సన్న పాలిష్ గోలీకాయంత తీసుకుని, ఫోమ్ అప్లికేటర్‌తో వేళ్ల బరువు మాత్రమే మోపి రుద్ది తుడవండి. రెండుసార్లకి తగ్గకపోతే ఆపేయండి. కొత్త బండి క్లియర్‌ని ఇప్పుడే ఖర్చు పెట్టొద్దు.

ఇకమీదట ఆయుధపూజకో, సంక్రాంతికో బొట్టు పెట్టాల్సి వస్తే ముందరి అద్దం మీద గానీ నంబరు ప్లేటు మీద గానీ పెట్టమని పూజారి గారిని అడగండి. కాదనరు. బానెట్‌కి చుట్టే పూలదండలో ఇనప తీగ ఉంటే తీయించండి. గాలికి అది ఊగి గీసే గీత కుంకుమ గీతకన్నా లోతు. కొబ్బరినీళ్లు ఒలికితే ఆ పూటే కడిగేయండి.

ప్రశ్న: 2012 మోడల్ సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను. స్నేహితుడి మందం మీటరుతో చూస్తే తలుపులు 120 మైక్రాన్లు, టాపూ బానెట్టూ 300 పైన. పెయింటు మందంగా ఉంది కాబట్టి అక్కడ గట్టిగా కంపౌండు కొట్టవచ్చా?
ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: అది సరిగ్గా తిరగేసి చదవాల్సిన అంకె. 120 ఉన్న తలుపులు కంపెనీ పెయింటుతో ఉన్నాయి. 300 ఉన్న టాపూ బానెట్టూ షెడ్డులో మళ్లీ వేసినవి. మీటరు రేకు మీద ఉన్నదంతా కలిపి చెబుతుంది. అందులో పుట్టీ ఎంతో, పాత పెయింటు ఎంతో, పైన క్లియర్ ఎంతో విడదీసి చెప్పదు. 300లో క్లియర్ 25 కూడా కావచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద పడ్డాక చెట్లు కూలి సొట్టలు పడ్డ టాపులూ బానెట్లూ అన్ని షెడ్డుల్లోనూ వరస కట్టాయి. మీ బండి అందులో ఒకటో కాదో నేను చెప్పలేను గానీ, 2012 మోడల్‌కి టాపూ బానెట్టూ మాత్రమే మళ్లీ వేసి ఉంటే నాకు మొదట తోచేది అదే. ఆ రెండు చోట్లా సన్న పాలిష్ దాటి పోవద్దు. బంపరు మీద మీటరు అంకె చూపలేదని ఆశ్చర్యపోకండి, ఆ మీటర్లు లోహం మీదే పనిచేస్తాయి.

ప్రశ్న: ఇంట్లో డ్రిల్లు మెషిన్ ఉంది. దాని కొసకి తగిలించే ఫోమ్ ప్యాడ్లు చవగ్గా వస్తున్నాయి. మా బాబాయి దగ్గర గ్రైండరు కూడా ఉంది. పాలిషర్ బదులు వీటితో కానిచ్చేయవచ్చా?
ఒక విద్యార్థి, మధురవాడ

జవాబు: గ్రైండరు మాత్రం ముట్టుకోకు బాబూ. మామూలు చిన్న గ్రైండరు నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. షెడ్డులో వాడే రోటరీ పాలిషర్ 600 నుంచి 3,000. గ్రైండరు మీద ప్యాడ్ పెడితే కన్ను మూసి తెరిచేలోగా క్లియర్ కాలి, రంగు కనపడుతుంది. బంపరయితే ఇంకా తొందరగా, ఎందుకంటే ప్లాస్టిక్ వేడిని ఎటూ పోనివ్వదు, అంతా పెయింటులోనే నిలుస్తుంది.

డ్రిల్లుతో పెయింటు కాలకుండా చేయవచ్చు, హెడ్‌లైటు మసక తీయడానికి అది పనికొస్తుంది. కానీ ప్యాడ్ చదునుగా నిలవదు, ఒక అంచు మీద వాలుతుంది. వాలిన చోట చాపం ఆకారంలో మచ్చలు పడతాయి. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒక డి.ఏ. పాలిషర్ కొనుక్కోండి. అయిదంగుళాల ప్యాడ్ పట్టేది, స్పీడు మార్చే చక్రం ఉన్నది చూసుకోండి. మొదటిసారి మీ బండి మీద కాదు, ఏ షెడ్డులోనైనా పారేసిన పాత తలుపు అడిగి తెచ్చుకుని దాని మీద. ఆ తలుపు అంచు మీద కావాలనే రంగు బయటపడేదాకా రుద్ది చూడు. ఎంత తొందరగా పోతుందో ఒకసారి కంటితో చూస్తే తర్వాత చేయి దానంతటదే నెమ్మదిస్తుంది.

ప్రశ్న: పూర్ణా మార్కెట్ దగ్గర బండి పెట్టి వచ్చేసరికి ఎవరో తాళంచెవితో గీసినట్టు తలుపు మీద మూరెడు గీత. నీలం బండి, గీత లోపల తెల్లగా ఉంది, ఒకచోట మెరుస్తోంది. గోరు తట్టుకుంటుంది. 2000 నంబరు వాటర్ పేపర్ తెచ్చాను.
ఒక వ్యాపారి, కురుపాం మార్కెట్

జవాబు: వాటర్ పేపర్ పక్కన పెట్టేయండి. తెల్లగా ఉన్నది ప్రైమర్, అంటే క్లియరూ రంగూ రెండూ తెగాయి. మెరుస్తున్న చోట రేకే బయటపడింది. అరగదీసి సమం చేయడానికి అక్కడేమీ మిగల్లేదు, మీరు రుద్దితే చుట్టూ బాగున్న పెయింటు కూడా పోతుంది. మీకిప్పుడు మెరుపుకన్నా తుప్పు ముఖ్యం. మన ఉప్పుగాలిలో తెరిచిన రేకు రోజుల్లో ఎర్రబడుతుంది. పెయింటరు దొరికేదాకా ఆగాల్సి వస్తే మెరిసే చోట పారదర్శకమైన టేపు ముక్క అంటించి ఉంచండి.

తలుపు తెరిచాక కనిపించే స్తంభం మీద గానీ, బానెట్ కింద గానీ ఉండే స్టిక్కరు మీద రంగు కోడ్ ఉంటుంది. దాని ప్రకారం టచప్ పెయింటు సీసా తెచ్చుకోండి. గీతని ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. రేకు కనిపించిన చోట ముందు ప్రైమర్. సీసాతో వచ్చే కుంచె ఈ పనికి మందం, అగ్గిపుల్ల కొస చెక్కి గానీ, పిల్లల బొమ్మల కుంచెల్లో సన్నదానితో గానీ వేయండి. గీత పొడుగునా లాగొద్దు. పెయింటు చుక్క గీత లోపలికి దిగేలా తాకించి వదిలేయండి, అదే పాకుతుంది. పల్చగా మూడు విడతలు, ఒక్కోటి ఆరాక ఇంకోటి, ఆఖర్న క్లియర్. చుట్టూ ఉన్న పెయింటుకన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉండనివ్వండి, ఆరితే కుంగుతుంది. ఓ వారం ముట్టుకోకండి. దగ్గరికొస్తే సన్న గీత తెలుస్తుంది, నాలుగడుగుల దూరం నుంచి తెలియదు. అది చాలదనుకుంటే తలుపు మొత్తం పెయింటు వేయించడమే. దానికి ఇన్సూరెన్సు పెట్టే ముందు ఒకసారి లెక్క చూసుకోండి. అయిదేళ్లు క్లెయిము లేకపోతే సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గింపు వస్తుంది, మామూలు పాలసీలో ఒక్క క్లెయిముతో అది పోతుంది.

ప్రశ్న: భీమిలి రోడ్డులో ఇల్లు. ఉప్పు పడకుండా రోజూ కవరు కప్పుతాను. గీతలు ఇంకా ఎక్కువయ్యాయి.
ఒక రిటైర్డు టీచరు, ఎండాడ

జవాబు: మాస్టారూ, సముద్రపు గాలికి ఆ కవరు రాత్రంతా బండిని రుద్దుతూనే ఉంటుంది. మధ్యలో ఇసుక. కడిగి ఆరిన బండి మీద, గాలి తగలని పోర్టికోలో అయితే కవరు మంచిదే. ఆరుబయట, దుమ్ము పట్టిన బండి మీద కప్పొద్దు. బదులుగా నాలుగైదు రోజులకోసారి గుడ్డ తాకించకుండా ఉత్త నీళ్లు ధారగా పోయండి, ఉప్పు పోతుంది. బోరు నీళ్లయితే ఎండలో ఆరనివ్వకండి, తెల్ల మచ్చలు పడతాయి.

ప్రశ్న: నాన్నగారి ఎర్ర మారుతీ 800 నా దగ్గరే ఉంది. రంగు వెలిసి సుద్దలా అయింది. చేత్తో పాలిష్ రుద్దితే గుడ్డకి ఎర్ర రంగు అంటింది. భయపడి ఆపేశాను. పెయింటు పోతోందా?
ఒక పాఠకురాలు, పెందుర్తి

జవాబు: ఆగి మంచి పని చేశారమ్మా, కానీ భయం లేదు. అప్పటి చాలా బళ్లకి, ముఖ్యంగా మెరుపు పొడి కలవని ఉత్త రంగులకి, పైన వేరే క్లియర్ ఉండేది కాదు. రంగే ఆఖరి పూత. రుద్దితే గుడ్డకి రంగు రావడం దాని స్వభావం. ఇప్పటి బళ్లకి గుడ్డ మీద రంగు కనపడితే క్లియర్ దాటిపోయామని గుండె గుభేలుమంటుంది, మీ బండికి ఆ లెక్క వర్తించదు. ఒకవేళ మధ్యలో ఎప్పుడైనా మళ్లీ పెయింటు వేయించి ఉంటే మాత్రం వేరు. డిక్కీ లోపలి అంచున ఎవరికీ కనపడని చోట రుద్ది చూడండి. అక్కడా ఎర్ర రంగే వస్తే పాత పెయింటే.

ఎర్ర రంగు ఎండకి తొందరగా వెలుస్తుంది. ఆ సుద్ద పొర కింద అసలు ఎరుపు ఇంకా బతికే ఉంటుంది. మెషిన్ వద్దు, ఈ బండికి చేతిపనే నప్పుతుంది. మొదట మంచి పాలిష్ పల్చగా పూసి కాసేపు ఉంచండి, ఎండిపోయిన పెయింటు నూనెని కాస్త పీల్చుకుంటుంది. తర్వాత ఒక్కో తలుపు ఒక్కో రోజు, ఫోమ్ అప్లికేటర్‌తో నిలువుగా, అడ్డంగా. గుడ్డ ఎర్రబడగానే మడత మార్చండి. టాప్ మీదా బానెట్ మీదా ఎక్కువ ఎండ తిన్నది కాబట్టి అక్కడ పలచబడి ఉండొచ్చు, ఎరుపు మధ్యలో బూడిదరంగు తొంగిచూస్తే అక్కడితో ఆపండి. వెంటనే వ్యాక్స్ పూయాలి, క్లియర్ లేని పెయింటుకి ఎండ నుంచి కాపు అదొక్కటే. మన ఎండకి రెండు నెలలకోసారి పూస్తే మంచిది. బండి చుట్టూ తిరుగుతున్నప్పుడే తలుపుల కింద పొడుగునా ఉండే రేకు అంచుల (సిల్‌ల) దగ్గర, టైర్ల పై అంచుల లోపల వేలితో తడిమి చూడండి. 800లకి తుప్పు ముందు అక్కడే మొదలవుతుంది. మెత్తగా తగిలినా, పొరలు రాలినా పాలిష్ ఆపి ముందు టింకరింగ్ చేయించండి.